అద్దం వెనక కుట్టుమిషను

పెట్టె సర్దడం అయిపోయింది. ఇక తాళం వెయ్యడమే మిగిలింది.

అత్తగారు ఆ పెట్టెను హాల్లో, గుమ్మానికి అడ్డంగా పెట్టించి, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇంట్లోంచి బయటికి వెళ్లాలన్నా, బయటినుంచి లోపలికి రావాలన్నా ఆ పెట్టెను దాటాల్సిందే. అక్కడ పెట్టించడంలో ఆవిడ ఉద్దేశం కూడా అదే.

కిటికీ పక్కన, మొన్నటిదాకా కుట్టుమిషను ఉన్నచోట, నేలమీద నాలుగు కాళ్ల గుర్తులు తెల్లగా మిగిలాయి. కొడుకు తెచ్చిన క్రిస్మస్ చెట్టు ఆ పక్కనే గోడకి ఆనుకుని ఉంది. కట్టిన తాడు కట్టినట్టే ఉంది. ఎవరూ విప్పలేదు.

"చెట్టు ఇక్కడ పెట్టమంటావా అమ్మా?" అని పొద్దున అతను అడిగాడు.

"పెట్టుకోండి. ఖాళీయేగా," అన్నారు అత్తగారు.

ఆ మాట విన్నాక అక్కడ చెట్టు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? అతను బస్సు డ్రైవరు. సంత రోజున కూడా ఎవరికీ గీటు తగలకుండా అంత పొడుగు బస్సును సందులో తిప్పగలడు. అమ్మకీ పెళ్లానికీ మధ్య నడవడం మాత్రం అతనికి ఈనాటికీ రాలేదు. అడకత్తెరలో పోకచెక్కలా కాసేపు నిలబడి, నిలబడే రెండు ముద్దలు తిని, టోపీ అందుకున్నాడు.

"పండగ రద్దీ. అదనపు ట్రిప్పులు వేశారు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"ఏవండీ, ఇలాంటప్పుడు కూడా వెళ్లాలా?" అంది కోడలు వంటింటి గుమ్మంలోంచి.

"నేను వెళ్లకపోతే బస్సు తనంతట తనే వెళ్తుందా?"

దాటబోతే అతని కాలు పెట్టెకి తగిలింది.

"చూసి నడువు. నా సామానంతా అందులోనే ఉంది," అన్నారు అత్తగారు.

అతను ఒక చెప్పులో కాలు పెట్టి, రెండోది వీధిలోకి వెళ్లాక తొడుక్కున్నాడు.

కోడలు వంటింట్లో కేకు కోసం ఎండుపళ్లు తరుగుతోంది. కత్తి చప్పుడు మామూలుకన్నా గట్టిగా వినిపిస్తోంది. ఆమెకీ ఒళ్లు మండుతోంది మరి! ఇంతకీ తను చేసిన నేరం ఏమిటి?

ఊళ్లోకెల్లా పెద్ద బట్టల దుకాణంలో వీధివైపు ఉండే అద్దాల గదిని అలంకరించడం ఆమె ఉద్యోగం. ఏటా పండగ అలంకరణలో తన ఇంటి వస్తువు ఒకటి ఎవరికీ చెప్పకుండా ఎత్తుకెళ్లి పెట్టేది. ఒక ఏడు కూతురి చిన్నప్పటి బూట్లు పెట్టింది. ఇంకో ఏడు మొగుడి పాత టోపీ. ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ షికారుగా వెళ్లి, అద్దం ముందు నిలబడి, మన వస్తువు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ ఇంటికి పండగ అక్కడే మొదలయ్యేది. ఎప్పుడూ ముందు కనిపెట్టేది అత్తగారే. "అదుగో, నా కళ్లజోడు! వారం రోజులుగా ఇల్లంతా తవ్వించావు కదే దొంగమొహమా!" అని ఒక ఏడు వీధిలోనే కోడలి చెవి మెలిపెట్టారు. అందరూ పడీపడీ నవ్వారు.

ఈ ఏడు ఆ అద్దాల గదిలో ఒక నాన్నమ్మ గదిని తయారుచేసింది. మైనపు ముసలమ్మ, ఎర్రటి దీపాలతో మండుతున్నట్టుండే పొయ్యి, ఆవిడ ముందు కుట్టుమిషను. ఆ మిషను అత్తగారిది. ఆవిడ చర్చికి వెళ్లిన సమయం చూసి, దుకాణం వ్యాను పిలిపించి పట్టుకెళ్లింది. చేతులు వణకడం మొదలైనప్పటినుంచీ అత్తగారు ఆ మిషను మూత తియ్యలేదు. కోడలు అనుకున్నది అదీ.

తరగడం ఆపి, చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది.

"అత్తయ్యా, ఎన్నిసార్లు చెప్పమంటారు? పండగ మర్నాడే తెచ్చి ఎక్కడిదక్కడ పెట్టేస్తాను."

అత్తగారు శాలువా సర్దుకున్నారు. ఈ చలికాలమంతా ఆవిడ కోటు మానేసి ఆ పల్చటి శాలువాతోనే తిరుగుతున్నారు. ఎందుకని అడిగితే, "బరువు," అన్నారు.

"జనం ఎగబడి చూస్తున్నారు అత్తయ్యా! మా మేనేజరైతే ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదన్నాడు. మీకు గౌరవమనే కదా పెట్టాను?"

"గౌరవమే. నన్ను కూడా తీసుకెళ్లి కూర్చోబెట్టాల్సింది. మైనపుది ఎందుకు, దండగ."

కోడలికి నవ్వు రాబోయి ఆగిపోయింది. అత్తగారి మొహంలో నవ్వు లేదు.

"పోనీ ఇవాళే వెళ్లి అడిగి తెచ్చేస్తాను. సరేనా?"

"వద్దు."

"మరేం చెయ్యమంటారు నన్ను?"

గోడకి ఆనించిన చెట్టు నుంచి రెండు ఆకులు రాలాయి. ఇద్దరూ వాటినే చూస్తూ ఉండిపోయారు.

ఇంతలో ఆడపడుచు వచ్చింది. ఆవిడ నర్సు. డ్యూటీ దిగి, తెల్లబట్టలైనా మార్చుకోకుండా వచ్చింది. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. ఈ ఇంట్లో ఆవిడ ముప్పాతిక.

"సర్దుకున్నావా అమ్మా? మందులు పెట్టుకున్నావా? పద, మా ఇంట్లో నీకు ఎండ పడే గది ఖాళీ చేయించాను."

"వదినా, పండగ ముందు ఇదేం పని? నలుగురూ ఏమనుకుంటారు?" అంది కోడలు.

"మిషను ఎత్తుకెళ్లేటప్పుడు గుర్తు రాలేదా ఆ నలుగురూ?"

"ఎత్తుకెళ్లడమేమిటి? నేనేదో దొంగతనం చేసినట్టు!"

"అడక్కుండా పట్టుకెళ్తే ఇంకేమంటారమ్మా? మూలన పడున్న పాత సామాననుకున్నావు. ఇవాళ మిషను. రేపు మా అమ్మ."

"మాటలు తిన్నగా రానివ్వండి వదినా! కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"చూశావా అమ్మా, నేను కత్తిపీటనట!"

"మీరే కదా ఫోన్లు చేసి చేసి ఆవిడ మనసు విరిచింది! అసలు వాడుతున్న వస్తువైతే ముట్టుకుంటానా? సూదిలో దారం ఎక్కించడం కూడా చేతకాక..."

ఆగింది. కానీ ఆగాల్సిన చోటు దాటిపోయింది.

ఆడపడుచు నోరు తెరిచి మళ్లీ మూసేసుకుంది. అత్తగారు ఒళ్లో ఉన్న తన రెండు చేతులకేసి చూసుకుని, మెల్లిగా శాలువా కిందికి లాక్కున్నారు. కోడలికి నాలుక కొరుక్కోవాలనిపించింది.

"నేనెక్కిస్తున్నాను," అన్న మాట వినిపించింది గుమ్మంలోంచి.

అందరూ తిరిగి చూశారు. కోడలి కూతురు. కాలేజీలో చదువుతున్నా ఇంట్లో అందరికీ పిచ్చుకే. చర్చిలో పండగ పాటలు నేర్చుకుని అప్పుడే వచ్చినట్టుంది, పాటల కాగితాలు చంకలోనే ఉన్నాయి.

"ఏమిటే నువ్వెక్కించేది?" అంది కోడలు.

"దారం. నాన్నమ్మకి రోజూ..."

"పిచ్చుకా!" అన్నారు అత్తగారు.

పిచ్చుక నోరు మూసుకుంది. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా చెప్పుకుంటారు. అలాంటిది, కాగితాలు గుండెకి అదుముకుని, నాన్నమ్మనీ అమ్మనీ మార్చి మార్చి చూస్తూ నిలబడింది.

అత్తగారు కుర్చీలోంచి లేచారు. "టాక్సీ పిలు," అన్నారు కూతురితో. "దారిలో ఆ దుకాణం దగ్గర ఒక్క నిమిషం ఆపించు. ఏటా చూస్తున్నదేగా. ఈసారి మాత్రం ఎందుకు మానాలి? చూసే వెళ్తాను."

ఆడపడుచు టాక్సీ కోసం వీధిలోకి వెళ్లగానే పిచ్చుక తల్లిని వంటింట్లోకి లాక్కుపోయి తలుపు వేసింది.

"ఎంత మాటన్నావమ్మా! నాన్నమ్మ కుడుతోంది. నువ్వటు వెళ్లగానే మూత తీసేది. నాచేత ఒట్టు వేయించుకుంది, అందుకే చెప్పలేదు."

"చేతులు వణుకుతుంటే ఏం కుడుతుందే?"

"కోటు. నీకే! ఆ అద్దాల గదిలో చలికి బిగుసుకుపోయి ఇంటికొస్తున్నావని. నీ పాత కోటు కొలతకి కావాలంటే నేనే తీసిచ్చాను. ఒక్క కుట్టు వేసి, వంకర పోతే విప్పి, మళ్లీ వేసేది. పండగనాటికి నీచేత తొడిగించాలని."

"ఏ గుడ్డ?"

"ఆకుపచ్చది. నాన్నమ్మ తన కోటే విప్పేసిందమ్మా. నీకా విషయం... ఎందుకలా చూస్తున్నావు?"

"మిషను సొరుగులో ఉన్నదా?"

"అదే. నీకు కనబడిందా? హమ్మయ్య! అక్కడ జనంలో పోయిందేమోనని భయపడి..."

"నువ్వు కుట్టు నేర్చుకుంటూ పడేసిన ముక్కలనుకున్నాను."

పిచ్చుక మొహంలో నవ్వు ఆరిపోయింది. "ఏం చేశావమ్మా?"

"కోశాను."

"దేనికి?"

"మైనపు ముసలమ్మ ఒళ్లో బొమ్మ పెట్టాను. ఆ బొమ్మకి చిన్న కోటు కుట్టాను." అంటూనే కోడలు తన పాత కోటు కోసం గోడమీద వెతుకుతోంది. "ఎదురుసందులోంచి పరిగెత్తితే టాక్సీకన్నా ముందే చేరతాను. ఆ బొమ్మని తీసేస్తాను. నువ్వు నాన్నమ్మని ఆపు."

"ఎలా ఆపను?"

"ఏదో ఒకటి చెయ్యవే! పాట పాడు!"

ఒక్క గెంతుతో పెట్టెను దాటి వీధిలో పడింది. అత్తగారు "ఎక్కడికి?" అని కూడా అడగలేదు.

వీధినిండా జనం. పొడుగాటి చెట్టును చెరో చివరా పట్టుకుని వస్తున్న మొగుడూ పెళ్లాలు దారికి అడ్డం. "నువ్వే వంకరగా నడుస్తున్నావు." "కాదు, నువ్వే." కోడలు వాళ్ల చెట్టు కిందనుంచి దూరి వెళ్లింది. రంగుకాగితాల దుకాణం ముందు పిల్లలు గుంపుకట్టారు. ఎవరో నవ్వుతూ, "ఏమ్మా, కేకు మాడిపోతోందా?" అన్నారు. ఆమెకి చెమటలు పట్టాయి, చలి కూడా వేస్తోంది. దేవుడా, టాక్సీకి ఇవాళ ఒక్కసారి దారి దొరక్కుండా చెయ్యి, అనుకుంది. అన్నీ గుర్తొస్తున్నాయి. తను ఇంటికి రాగానే అత్తగారు గబగబా మిషను మూత వెయ్యడం. "మీరు కోటు వేసుకోరేం, మళ్లీ జలుబు చేస్తే చాకిరీ నాకేగా," అని తను విసుక్కోవడం.

దుకాణంలో మేనేజరు ఎదురొచ్చాడు.

"సెలవన్నారుగా?"

"ఆ బొమ్మని తియ్యాలి సార్. ఒక్క నిమిషం."

"ఏ బొమ్మ? కోటు బొమ్మా? చంపేస్తారు నన్ను! పిల్లలంతా దానికోసమే వస్తున్నారు. పండగ దాటేదాకా అక్కడినుంచి పూస కూడా కదలదమ్మా."

"మా ఇంటి సంగతి సార్ ఇది."

"అందరి ఇళ్ల సంగతులూ నా కిటికీలో ఎందుకండీ?"

అతను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె వెనకవైపు చిన్న తలుపు తీసి, తల వంచి, అద్దాల గదిలోకి దూరింది.

లోపల దీపాల వెలుగుకి కళ్లు చెదిరాయి. అద్దం అవతల పిల్లలు ముక్కులు ఆనించి చూస్తున్నారు. కింద అమర్చిన చిన్న మోటారుతో మిషను చక్రం తనంతట తనే తిరుగుతోంది. మైనపు ముసలమ్మ ఒళ్లో, ఆకుపచ్చ కోటు వేసుకుని, బొమ్మ దర్జాగా కూర్చుంది. కోడలు బొమ్మని అందుకుంది. కోటుకి చిట్టి గుండీలు. తను ఎంతో ముచ్చటపడి దగ్గర దగ్గరగా కుట్టినవి. మొదటి గుండీమీద వేలు పెట్టి, ఎందుకో తలెత్తింది.

పిల్లల వెనక అత్తగారు నిలబడి ఉన్నారు.

ఆవిడ పక్కన ఆడపడుచు. ఆ వెనక, ఆయాసపడుతూ పిచ్చుక. పాడినా ఎవరూ ఆగినట్టు లేదు. టాక్సీ వీధి అంచున ఆగి ఉంది, వెనక అత్తగారి పెట్టె కనిపిస్తోంది.

అత్తగారు మిషను వైపు చూడలేదు. మైనపు ముసలమ్మని చూడలేదు. కోడలి చేతిలో ఉన్న బొమ్మనే చూస్తున్నారు. ప్రతి ఏడూ లాగే, ముందు కనిపెట్టింది ఆవిడే.

కోడలు బొమ్మని వెనక దాచుకోబోయింది. ఇంక దాచి ఏం లాభం? అద్దం ఇవతల ఒకరూ అవతల ఒకరూ అలాగే నిలబడ్డారు. మధ్యలో ఒక పిల్లాడు అద్దంమీద ఆవిరి ఊది వేలితో గీతలు గీసుకుంటున్నాడు. ఆ తర్వాత చూస్తే అత్తగారు అక్కడ లేరు.

చిన్న తలుపు కిర్రుమంది. మేనేజరు "అమ్మా, అమ్మా, మీరు లోపలికి..." అంటున్నాడు. "మిషను నాది నాయనా," అన్న గొంతు వినిపించింది. అత్తగారు ఒక చెయ్యి గోడకి ఆనించి, వంగి లోపలికి వచ్చారు.

"ముందు ఆ చక్రం ఆపు. ఉత్తినే తిరుగుతుంటే చూడలేను."

కోడలు స్విచ్చి నొక్కింది. చక్రం ఆగింది.

అత్తగారు బొమ్మని తీసుకుని కోటు అంచు తిరగేసి చూశారు. దీపాల వెలుగులో ఆ చేతుల వణుకు వీధిలోకి కూడా తెలుస్తూనే ఉంటుంది.

"కుట్టు తిన్నగా ఉంది. నువ్వేనా?"

"నేనే. మీరు నేర్పిందే అత్తయ్యా."

"ఇది మెడ ముక్క. నీ పాత కోటుమీద పెట్టి కోశాను." వేలితో తడిమారు. "ఈ భుజం దగ్గర నా కుట్లు విప్పేశావు."

"మీవని తెలీదు. పిచ్చుక..."

"ఊఁ. పిల్లలు కుట్టినట్టే ఉంటాయిలే."

ఆ మాట కోడలికి చెంపదెబ్బలా తగిలింది. "ఇంకో గుడ్డ తెస్తాను అత్తయ్యా! ఈ దుకాణంలో దొరకని గుడ్డ లేదు. ఇదే రంగు, ఇంతకన్నా మంచిది..."

"గుడ్డలకేం కొదవ?" అన్నారు అత్తగారు. గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది. "నా చేతుల్లోనే ఇంకో కోటు లేదు."

బయట పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇదంతా ఆటలో భాగమే అనుకున్నారు కాబోలు.

"అటు తిరుగు," అన్నారు అత్తగారు.

"ఆఁ?"

"తిరగమన్నానా."

కోడలు అద్దం వైపు తిరిగింది. వీపుమీద అత్తగారి చెయ్యి జానలా చాచుకుని పడింది. ఒక భుజంనుంచి మెడదాకా, మెడనుంచి రెండో భుజందాకా వణుకుతూనే కొలిచింది. తర్వాత ఆ చెయ్యి తీసేశారు.

"కదలకు. నేను చెప్పేదాకా ఇటు చూడకు."

కోడలు నిలబడింది. ఎదురుగా వీధి వీధంతా తననే చూస్తోంది. ఆడపడుచు చేతులు కట్టుకుని చూస్తోంది. పిచ్చుక కాసేపటికి కళ్లు ఇంత చేసుకుని, తల్లి మొహాన్ని కాక, ఆమె వెనక దేన్నో చూడసాగింది.

"అత్తయ్యా, ఇందాక నోరు జారాను. సూది మాట... అలా అనకూడదు. అన్నాను. నా నోరు పడిపోనూ! మీరు వెళ్లకండి. మీరు లేకుండా నాకు పండగేమిటి?"

వెనకనుంచి సొరుగు లాగిన చప్పుడు వచ్చింది. చాలాసేపు ఇంకే చప్పుడూ లేదు. కాళ్లు తిమ్మిరెక్కాయి. మెడ తిప్పాలనిపించింది, తిప్పలేదు. ఆవిడ చెప్పిన ఒక్క మాటైనా ఇవాళ విని తీరాలని పంతం పట్టినట్టు నిలబడింది. కళ్లలో నీళ్లు తుడుచుకుంటే కదిలినట్టవుతుందని వాటిని కూడా తుడుచుకోలేదు.

"ఇంక చాలు," అన్న మాట తలుపు దగ్గరినుంచి వినిపించింది.

తిరిగి చూసేసరికి తలుపు మూసుకుంది.

మళ్లీ అద్దం వైపు పరిగెత్తింది. అత్తగారు శాలువా దగ్గరగా పట్టుకుని టాక్సీ ఎక్కుతున్నారు. ఎక్కుతూ పిచ్చుకని చేత్తో పిలిచారు. చెవిలో ఏదో చెప్పారు. పిచ్చుక తలూపింది. వెళ్లి నాన్నమ్మ పక్కన కూర్చుంది!

"నువ్వెక్కడికే?" అని కోడలు అద్దంమీద కొట్టింది. పిచ్చుక టాక్సీలోంచి తల్లికేసి తిరిగి, రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. టాక్సీ ఆడపడుచు ఇంటివైపు మలుపు తిరిగింది.

"అయ్యయ్యో!" మేనేజరు తలుపులోంచి తల పెట్టాడు. "ఇదేమిటమ్మా ఇది? పండగపూట బొమ్మకి బట్టల్లేవేమిటి?"

మైనపు ముసలమ్మ ఒళ్లో బొమ్మ బోసిగా కూర్చుని ఉంది. కోటు లేదు.

కోడలు మిషను సొరుగు లాగింది. మిగిలిన ఆకుపచ్చ ముక్కలు లేవు. చేతి సూదులు గుచ్చే దిండు లేదు. దారపు ఉండ కూడా లేదు.

"ఎవరు తీశారు?" అంటున్నాడు మేనేజరు. ఆ బొమ్మ కోటుకున్న చిట్టి గుండీలు ఒక్కొక్కటీ విప్పడానికి ఆ చేతులకి ఎంతసేపు పట్టి ఉంటుందో ఆమె లెక్క వేసుకుంటోంది. ఆవిడ విప్పినంతసేపూ తను కదలకుండా నిలబడింది.